ఆల్బమ్ వ్యాసాలకు తరగతి ఎలా నిర్ణయిస్తాం: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లీషు వికీపీడియాలో సంగీత ఆల్బమ్‌ల మీద ఉన్న వ్యాసాలను చదివి, వాటి నాణ్యతను బట్టి తరగతి నిర్ణయించే పనిలో కొన్నేళ్లుగా పాలుపంచుకుంటున్నాను. ఇది ఎవరో అప్పగించిన పని కాదు, జీతం వచ్చే పని అంతకన్నా కాదు. పాటలంటే ప్రాణమూ, రాసిన మాటకు ఆధారం ఉండాలన్న పట్టుదలా ఉన్నవాళ్లు తీరిక సమయంలో కూర్చుని చేసే పని. అక్కడ ప్రతి వ్యాసానికీ ఒక చర్చాపేజీ ఉంటుంది. దాని పైభాగంలో ఆ వ్యాసం మొలక (చాలా చిన్న వ్యాసం), ప్రారంభ, సి, బి, మంచి వ్యాసం, ‘ఏ’ (A), విశేష వ్యాసం అనే మెట్లలో ఏ మెట్టు మీద ఉందో రాసి ఉంటుంది. మంచి వ్యాసాలకూ విశేష వ్యాసాలకూ మాత్రం పాఠకుడికి కనిపించేలా వ్యాసం మీదనే చిన్న గుర్తు పెడతారు. ఈ గుర్తుల గురించి మిత్రులు అడిగే ప్రశ్నల్లోనూ, చర్చాపేజీల్లో కొత్తవాళ్లు చేసే వాదనల్లోనూ కొన్ని అపోహలు పదేపదే ఎదురవుతున్నాయి కనుక వాటిని ఒకచోట రాస్తున్నాను.

అపోహ: తరగతి అంటే ఆల్బమ్‌కు వేసిన మార్కు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అపోహ ఇదే. “ఇంత గొప్ప ఆల్బమ్‌కు సి తరగతి ఇస్తారా?” అని అభిమానులు నొచ్చుకుంటారు. మేము చూసేది వ్యాసాన్ని, ఆల్బమ్‌ను కాదు. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన ఆల్బమ్ మీద నాలుగు వాక్యాల మొలక ఉండవచ్చు. విమర్శకులు తీసిపారేసిన ఆల్బమ్ మీద ఎవరో ఒకరు ఏడాది పాటు శ్రమించి విశేష వ్యాసం రాసి ఉండవచ్చు. ఆ ఆల్బమ్ ఎందుకు విఫలమైందో చక్కగా, ఆధారాలతో చెప్పిన వ్యాసం నా దృష్టిలో పొగడ్తలతో నిండిన వ్యాసం కన్నా విలువైనది.

ఈ గందరగోళానికి ఒక కారణం ఉంది. వ్యాసంలోని ఆదరణ విభాగంలో విమర్శకులు ఇచ్చిన నక్షత్రాలు, మార్కులు ఒక పట్టికగా కనిపిస్తాయి. ఒకప్పుడు వాటిని పేజీ మొదట్లోనే, ముఖ్య వివరాలను క్లుప్తంగా చూపే సమాచారపెట్టెలోనే పెట్టేవారు. నక్షత్రాల వరుస చూసి పాఠకుడు అసలు సమీక్షల్లో ఏముందో చదవడం మానేస్తున్నాడన్న చర్చ జరిగాక వాటిని ఆదరణ విభాగంలోకి దించారు. ఆ పట్టికకు కూడా పది సమీక్షలే పరిమితి. ఆ నక్షత్రాలు పత్రికలవి. చర్చాపేజీలోని తరగతి మాత్రమే మాది.

అపోహ: వ్యాసం పొడవుగా ఉండి, కింద మూలాలు బారుగా ఉంటే తరగతి పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. అరవై మూలాలున్న వ్యాసాన్ని సి దగ్గరే ఆపిన సందర్భాలూ, పాతిక మూలాలతో బి ఇచ్చిన సందర్భాలూ నాకు ఉన్నాయి. డిస్కాగ్స్, రేట్ యువర్ మ్యూజిక్ వంటి వెబ్‌సైట్లలో సమాచారం ఎవరైనా చేర్చవచ్చు కాబట్టి, అవి సంగీతప్రియులకు ఎంత ఉపయోగపడినా, వ్యాసానికి ఆధారాలుగా నిలబడవు. దుకాణంలో ఆల్బమ్ అమ్మకానికి ఉన్న పేజీ, గాయకుడి ప్రచార ప్రకటన, అదే ప్రకటనను మక్కీకి మక్కీ దింపిన నాలుగు వార్తలు కలిపి ఆరు మూలాలుగా కనిపిస్తాయి. నిజానికి అది ఒక్కటే గొంతు.

ఒక ఉదాహరణ చెప్తాను. మంచి వ్యాసం హోదా కోసం వచ్చిన ఒక రాక్ ఆల్బమ్ వ్యాసంలో “విమర్శకులు ముక్తకంఠంతో ప్రశంసించారు” అన్న వాక్యం ఉంది, పక్కన మూడు మూలాలు ఉన్నాయి. మూడూ తెరిచాను. మొదటిది నిజంగానే మెచ్చుకుంది. రెండోది అయిదింటికి మూడు నక్షత్రాలు ఇచ్చి, రెండో సగంలో పాటలన్నీ ఒకే తీరున సాగాయని రాసింది. మూడోది అసలు సమీక్షే కాదు, విడుదలకు ముందు వచ్చిన పరిచయం. వ్యాసకర్తకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఇష్టంతో రాసేటప్పుడు చేయి తెలియకుండానే అటు జారుతుంది. ఆయన రెండు రోజుల్లో ఆ పేరా మొత్తం తిరగరాశారు. ఏ విమర్శకుడు దేన్ని మెచ్చాడు, దేన్ని నొచ్చుకున్నాడు అన్నది చెప్పిన ఆ కొత్త పేరా, పాతదానికన్నా ఆల్బమ్ మీద ఎక్కువ ఆసక్తి కలిగించింది.

అపోహ: పాటల జాబితా పూర్తిగా ఉంటే ఆల్బమ్ వ్యాసం పూర్తయినట్టే.

వాస్తవం: ఆల్బమ్‌ల ప్రాజెక్టు (ఆల్బమ్ వ్యాసాల మీద కలిసి పనిచేసే వాడుకరుల బృందం) తన వ్యాసాల కోసం రాసుకున్న ప్రమాణాల్లో పాటల జాబితా తొలి మెట్టు దగ్గరి విషయం. జాబితా, సమాచారపెట్టె, ముఖ్య కళాకారుల పేర్లు, కళాకారుణ్ణీ సంవత్సరాన్నీ బట్టి వర్గాలు ఉంటే ప్రారంభ తరగతి వస్తుంది. సి కావాలంటే ప్రవేశిక (వ్యాసం మొదట్లో వచ్చే పరిచయ భాగం) ఉండాలి, ప్రతి పాటకూ నిడివీ రచయితల పేర్లూ ఉండాలి, అతిథి వాద్యకారులూ సాంకేతిక నిపుణులూ సహా పనిచేసినవారందరి జాబితా ఉండాలి. బి కావాలంటే ప్రవేశిక కాక కనీసం ఒక విభాగమైనా వచనంలో ఉండాలి, మూలాల్లో స్పష్టమైన లోపాలు ఉండకూడదు. ఈ బి ప్రమాణం కొంచెం ఉదారంగానే ఉందని నా అభిప్రాయం. ఆల్బమ్ ఎలా తయారైందో, సంగీతం ఎలా ఉంటుందో, జనం ఎలా అందుకున్నారో మూడూ లేని వ్యాసానికి బి ఇవ్వడానికి నాకు చేయి రాదు.

పనిచేసినవారి జాబితా మీద ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారికి నేను అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను చూపిస్తాను. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్‌లోని కొలంబియా రికార్డు కంపెనీ వారి 30వ వీధి స్టూడియోలో రికార్డు చేశారు. అదే ఏడాది ఆగస్టులో విడుదలైంది. ఉన్నవి అయిదే అయిదు రచనలు, వాయించినవారు ఏడుగురు. ఇంత చిన్న జాబితాలో తప్పు ఎక్కడ దొర్లుతుందని అనిపిస్తుంది. అయితే పియానో దగ్గర బిల్ ఎవాన్స్ ఉన్నది నాలుగింటిలోనే. ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’లో వాయించింది వింటన్ కెల్లీ. కానన్‌బాల్ ఆడర్లీ సాక్సఫోన్ ‘బ్లూ ఇన్ గ్రీన్’లో వినిపించదు. ఆ రచన మైల్స్ డేవిస్ పేరు మీద వచ్చింది గానీ, దాని సృష్టిలో తన పాలు ఉందని ఎవాన్స్ చెప్పారు. కాబట్టి ‘పియానో: బిల్ ఎవాన్స్’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేసిన జాబితా, చూడటానికి నిండుగా ఉన్నా, ఒక వాద్యకారుడి పనిని ఇంకొకరి ఖాతాలో వేసినట్టే.

నిడివి సంగతి ఇంకా సూక్ష్మమైనది. తొలి రోజు రికార్డింగ్‌లో టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరగడం వల్ల, ఆ రోజు వాయించిన మూడు రచనలూ మామూలు వేగంతో తిరిగే రికార్డు మీద కాస్త వేగంగా, కాస్త పై శ్రుతిలో వినిపించేవి. 1992 నాటి పునర్విడుదలలో దాన్ని సరిదిద్దారు. అంటే పాత ఎల్పీ చూసి నిమిషాలు రాసినవారూ, కొత్త సీడీ చూసి రాసినవారూ వేర్వేరు అంకెలు వేస్తారు, ఇద్దరూ తమ చేతిలో ఉన్నదానికి నిజాయితీగానే ఉంటారు. ఏ ముద్రణను బట్టి నిడివి ఇచ్చారో చెప్పని పట్టిక చూస్తే నేను చర్చాపేజీలో తప్పకుండా అడుగుతాను.

అపోహ: మంచి వ్యాసం, విశేష వ్యాసం హోదాలను వికీపీడియా సంస్థ ఇస్తుంది.

వాస్తవం: వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ ఏ వ్యాసానికీ తరగతి ఇవ్వదు. కింది తరగతులను ఎవరైనా వాడుకరి ప్రమాణాలు చూసి నిర్ణయించవచ్చు. మంచి వ్యాసానికి ఒక ప్రతిపాదన, దాన్ని పరిశీలించే ఒక వ్యక్తి కావాలి. ఆ వ్యక్తి ఆ వ్యాసం రాయడంలో చెప్పుకోదగ్గ పాలు పంచుకొని ఉండకూడదు. రచన స్పష్టంగా ఉందా, ప్రతి మాటా నిర్ధారించుకోగలమా, ముఖ్య విషయాలన్నీ వచ్చాయా, తటస్థంగా ఉందా, దిద్దుబాటు తగవులు లేకుండా స్థిరంగా ఉందా, వీలైనచోట బొమ్మలు ఉన్నాయా అన్న ఆరు ప్రశ్నలతో అతడు వ్యాసాన్ని చదువుతాడు. లోపాలు చిన్నవైతే సాధారణంగా వారం రోజులు గడువిచ్చి ఆపి ఉంచుతాడు. విశేష వ్యాసం దగ్గర ఒక్కరి మాట చాలదు. అనేకమంది చదివి, అభ్యంతరాలు చెప్పి, సమాధానాలు అందుకున్నాక, ఏకాభిప్రాయం కుదిరిందో లేదో సమన్వయకర్తలు తేలుస్తారు. ఈ రెండింటి మధ్యలో ఉన్న ‘ఏ’ (A) తరగతిని ఆల్బమ్‌ల విషయంలో వాడటం చాలా అరుదు.

డబ్బిస్తే తరగతి పెంచుతామని ఎవరైనా కళాకారులకు చెబితే నమ్మకండి. డబ్బు తీసుకొని రాసేవారు ఆ సంగతి బయటపెట్టాలని 2014 నుంచి వాడుక నియమాల్లోనే ఉంది.

అపోహ: సంగీత శాస్త్రం తెలియనివాళ్లు ఆల్బమ్ వ్యాసాన్ని పరిశీలించలేరు.

వాస్తవం: తెలిస్తే మంచిదే, కానీ తప్పనిసరి కాదు. శాస్త్రం బాగా తెలిసినవారు చేసే పొరపాటు ఒకటి ఉంది: తమ చెవికి వినిపించినదాన్ని నేరుగా వ్యాసంలో రాసేస్తారు. ఫలానా పాట ఫలానా శ్రుతిలో మొదలై ఎక్కడ మారిందో వారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజమే కావచ్చు, అయినా ప్రచురితమైన మూలం లేకపోతే అది మౌలిక పరిశోధన, అంటే రాసినవారి సొంత పరిశోధన అవుతుంది, దానికి వ్యాసంలో చోటు లేదు. పరిశీలకుడికి కావలసింది ఓపిక, మూలాన్ని తెరిచి చదివే అలవాటు.

అపోహ: ముఖచిత్రం స్పష్టంగా, పెద్దదిగా ఉంటే వ్యాసానికి మేలు.

వాస్తవం: ముఖచిత్రానికి కాపీహక్కు ఉంటుంది. అందుకే దాన్ని గుర్తుపట్టడానికి సరిపడేంత చిన్న పరిమాణంలో, ఎందుకు వాడుతున్నామో వివరణతో మాత్రమే ఉంచుతారు. పాట నమూనాకూ పరిమితి ఉంది: 30 సెకన్లు, లేదా పాట నిడివిలో పదో వంతు, రెండింటిలో ఏది తక్కువైతే అది. పెద్ద బొమ్మ పెట్టినందుకు తరగతి పెరగదు సరికదా, విశేష వ్యాసం పరిశీలనలో అది అభ్యంతరంగా మారుతుంది.

అపోహ: ఒకసారి వచ్చిన తరగతి శాశ్వతం.

వాస్తవం: ప్రమాణాలే మారుతూ వచ్చాయి. సి తరగతి 2008 దాకా లేనే లేదు. ఒకే వ్యాసానికి ఒక్కో ప్రాజెక్టు ఒక్కో తరగతి ఇచ్చుకునే పద్ధతి పోయి, 2023 నుంచి సాధారణంగా అన్నిటికీ ఒకే తరగతి ఉండేలా మార్చారు. హోదా వచ్చిన వ్యాసం నిర్లక్ష్యానికి గురైతే, మూలాల లంకెలు చచ్చిపోయి, మధ్యలో ఆధారం లేని పేరాలు చేరితే, పునఃపరిశీలన పెట్టి హోదా తీసేస్తారు. ఆల్బమ్ వ్యాసాల్లో నేను తరచుగా చూసేది వార్షికోత్సవ పునర్విడుదలల బెడద: రికార్డింగ్ గురించి అందంగా రాసిన విభాగాల పక్కన, అదనపు పాటల పట్టికలు ఒకదాని కింద ఒకటి చేరి పేజీని మింగేస్తాయి.

తరగతులను యంత్రం నిర్ణయిస్తుందన్న మాట కూడా వింటుంటాను. వ్యాసం నిర్మాణాన్ని బట్టి తరగతిని అంచనా వేసే ఓరెస్ అనే పరికరం 2015లో వచ్చింది, తర్వాత దాని స్థానంలో లిఫ్ట్ వింగ్ అనే వ్యవస్థ వచ్చింది. విభాగాలెన్ని, మూలాలెన్ని అని అలాంటి పరికరం లెక్కపెట్టగలదు. పైన చెప్పిన “ముక్తకంఠం” వాక్యాన్ని పట్టుకోలేదు. వేల మొలకల మధ్య ముందుగా ఏది చూడాలో తెలుసుకోవడానికి అలాంటిదాని సాయం తీసుకుంటాం, నిర్ణయం మాత్రం చదివిన మనిషిదే.

అపోహ: తెలుగు మూలాలు ఇస్తే ఇంగ్లీషు వికీపీడియాలో చెల్లవు, అందుకే మన సినిమాల ఆల్బమ్ వ్యాసాలు ఎదగవు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ ఇది, ఎందుకంటే దీన్ని నమ్మి చాలామంది ప్రయత్నమే మానేశారు. మూలం ఏ భాషలోనైనా ఉండవచ్చు. నాణ్యతలో సమానమైన ఇంగ్లీషు మూలం దొరికితే దానికి మొగ్గు చూపుతారు, అంతే. తెలుగు దినపత్రికలో పేరుతో వచ్చిన సంగీత సమీక్ష, సినిమా పత్రికలో సంగీత దర్శకుడి ఇంటర్వ్యూ, పాటల రచయిత మీద ప్రచురితమైన పుస్తకం అన్నీ పనికివస్తాయి. పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య, శీర్షిక తెలుగులోనూ దాని అర్థం ఇంగ్లీషులోనూ ఇస్తే చాలు. అది అంతర్జాలంలో ఉండాలన్న నియమం కూడా లేదు. ఎవరైనా సందేహం వెలిబుచ్చితే, ఆ వాక్యాన్ని ఉటంకించి అనువాదం ఇవ్వాలి.

మన ఆల్బమ్ వ్యాసాలు ప్రారంభ తరగతిలో ఆగిపోవడానికి అసలు కారణం వేరే. పాటల పట్టిక, గాయకుల పేర్లు, ఆడియో విడుదల వేడుకకు ఎవరెవరు వచ్చారన్న పేరా తప్ప మరేమీ ఉండదు. పాటలకు బాణీలు ఎక్కడ కట్టారు, రికార్డింగ్ ఎక్కడ జరిగింది, వయొలిన్ల వరుసలో ఎవరున్నారు, శబ్దమిశ్రమం ఎవరిది అన్నవి ఖాళీ. పాత సినిమా రికార్డుల అట్టల మీద చిత్రం పేరు, కవి, గాయకులు, సంగీత దర్శకుడు ఉంటారు గానీ వాద్యకారుల పేర్లు అరుదు. అలాంటప్పుడు వేణువు ఫలానావారిదే అయి ఉంటుందని ఊహించి రాయకూడదు. ఆ సంగతి ఎవరైనా ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే, ఆ సంచిక వెతికి పట్టుకోవాలి.

మీ ఇంట్లో పాత ఎల్పీలు గానీ, సినిమా పత్రికల కట్టలు గానీ ఉంటే, అట్ట వెనుక వైపు ఉన్న పేర్లను ఉన్నవి ఉన్నట్టుగా, రికార్డు సంఖ్యతో సహా రాసి ఆ ఆల్బమ్ వ్యాసం చర్చాపేజీలో పెట్టండి. వ్యాసంలోకి ఎలా చేర్చాలో తెలియకపోయినా ఇబ్బంది లేదు. ఆ పేజీకి తరగతి చూడటానికి వచ్చినవాళ్లు ముందు చదివేది దాన్నే.