అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు: పేరు కలిస్తే చుట్టరికం కలిసినట్టేనా? (అపోహలు – వాస్తవాలు)

"మా ఇంటిపేరు ఎక్కడా వినపడదండీ, కాబట్టి మావాళ్ళని వెతకడం తేలిక." నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదట చెప్పేది ఇదే. ఇంగ్లండు చర్చి రిజిస్టర్లు, సెన్సస్ కాగితాలు, వీలునామాలు తిరగేసి వంశవృక్షాలు కట్టివ్వడం నా వృత్తి. మకాం నాటింగ్‌హామ్. వచ్చేవాళ్ళలో ఇక్కడివాళ్ళే ఎక్కువ. లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల్లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్ళు కూడా వస్తుంటారు. ఆ ఒక్క మాటని నమ్ముకుని డబ్బూ ఏళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళని చూసి చూసి ఇది రాస్తున్నాను. ఉదాహరణకి మనకి తెలిసిన పేరే తీసుకుంటాను: అటెన్‌బరో. 1982లో 'గాంధీ' సినిమా తీసిన రిచర్డ్, జంతువుల డాక్యుమెంటరీల డేవిడ్, ఈ అన్నదమ్ముల ఇంటిపేరు.

అపోహ: పేరు అరుదు కాబట్టి ఆ పేరున్నవాళ్ళంతా ఒకే కుటుంబం. రికార్డులో ఎక్కడ కనపడినా మావాళ్ళే.

వాస్తవం: దేశం మొత్తం మీద అరుదైన పేరు, తను పుట్టిన నేల మీద అరుదు కాదు. అక్కడ అది కిక్కిరిసి ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసుకి పట్టించుకుంటే సగం వంశవృక్షాలు తప్పుదారి పట్టవు.

అటెన్‌బరో అనేది నాటింగ్‌హామ్‌కి నైరుతిగా, ట్రెంట్ నది పక్కన ఉన్న ఊరు. ఊరిపేరే ఇంటిపేరైంది. అయితే ఊళ్ళో ఉన్న మనిషిని ఎవరూ ఆ ఊరిపేరు పెట్టి పిలవరు, అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే కదా. ఊరు వదిలి పక్క ఊళ్ళో కాపురం పెట్టినవాడికే ఆ పేరు పడుతుంది. మన దగ్గరా అంతే. ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్న కుటుంబాలని అడిగి చూడండి, చాలామంది ఆ ఊరినుంచి ఎప్పుడో బయటికి వచ్చినవాళ్ళే. ఇంగ్లండు మధ్య ప్రాంతంలో మామూలు జనానికి ఇంటిపేర్లు స్థిరపడింది సుమారు 1250కీ 1400కీ మధ్య. ఆ నూటయాభై ఏళ్ళలో ఏ సంబంధమూ లేని ఇద్దరు ముగ్గురు అదే ఊరినుంచి వేర్వేరు దిక్కులకి వెళితే, ముగ్గురికీ అదే పేరు పడొచ్చు.

పేరు పడ్డాక ఆ కుటుంబాలు ఎంత దూరం పోయాయి? చాలావరకు నడిచి వెళ్ళగలిగినంతే. 1885లో రావెన్‌స్టీన్ అనే ఆయన సెన్సస్ లెక్కలన్నీ చూసి, వలసపోయేవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఊళ్ళకే పోతారని తేల్చాడు. నా అనుభవంలో రిజిస్టర్లు చెప్పేదీ అదే. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టింది స్టేపుల్‌ఫర్డ్‌లో. అటెన్‌బరో ఊరినుంచి అది రెండు మూడు మైళ్ళు. ఐదారు శతాబ్దాల తర్వాత కూడా ఆ పేరు పుట్టిన చోటు చుట్టూనే తిరుగుతోందన్నమాట.

ఇక్కడే ప్రమాదం. పారిష్ రిజిస్టర్లు, అంటే ఊరి చర్చిలో జరిగే బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల పుస్తకాలు, రాయమని ఆజ్ఞ వచ్చింది 1538లో. ఆ తర్వాతి రెండు మూడు శతాబ్దాల పాటు ఇంగ్లండులో మగపిల్లలకి పెట్టిన పేర్లు చూస్తే జాన్, విలియం, థామస్, ఈ మూడే సగం దాకా ఉంటాయి. ఇంటిపేరు చుట్టుపక్కల పది ఊళ్ళలో అల్లుకుని ఉంది, పిల్లల పేర్లా మూడు. ఇక ఒకే దశాబ్దంలో "జాన్, తండ్రి విలియం" అని ఒకే ఇంటిపేరుతో ముగ్గురు కనపడితే ఆశ్చర్యమేముంది? పాత రిజిస్టర్లలో చాలాచోట్ల తల్లి పేరు కూడా రాయరు. పైగా బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టేవాళ్ళు. మీకు దొరికిన బాప్తిస్మం ఎంట్రీలోని బిడ్డ ఆరు నెలలకే కన్నుమూసి ఉండొచ్చు.

అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళనీ మొదట అడుగుతాను: "ఖననాల రిజిస్టరు చూశారా?" చూడరు. బాప్తిస్మం దొరకగానే ఆగిపోతారు. ఇంటర్నెట్‌లో ఎవరో ఒకరు ఆ బిడ్డని తమ చెట్టుకి తగిలిస్తారు, పదిమంది దాన్ని దించుకుంటారు. పదిచోట్ల కనపడేసరికి పదకొండోవాళ్ళు నిజమనుకుంటారు. ఒకే తప్పు పది కాపీలైతే పది సాక్ష్యాలు అయిపోవు. ఈ విషయంలో మాత్రం నాకు ఓపిక తక్కువ.

లాలాగూడనుంచి ఒక ఆంటీ కొడుకుని చూడ్డానికి ఇక్కడికి వచ్చి, ఒక ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. వాళ్ళ ఇంటిపేరు నిజంగానే చాలా అరుదు, ఇక్కడ రాయను. ఫైల్లో ఒక వంశవృక్షం ప్రింటు. మూలపురుషుడు ఈ చుట్టుపక్కలే పుట్టి, సైనికుడిగా మద్రాసు వెళ్ళాడని ఉంది. "బాబూ, ఇండియా మొత్తంలో ఈ పేరు మా ఒక్క ఇంటికే ఉంది. ఇతను కాక ఇంకెవరవుతారు?" అన్నారు. ఖననాల రిజిస్టరు తీస్తే ఆ బిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. అది చెప్పాల్సి వచ్చినప్పుడు ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఎన్నో ఏళ్ళుగా ఆ పేరుకి క్రిస్మస్ ప్రార్థనల్లో చోటిచ్చిన కుటుంబం అది.

ఆ తర్వాత చేయాల్సిన పద్ధతిలో చేశాం. ఇంగ్లండునుంచి కిందికి రాకుండా, ఆవిడ దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం పైకి. సికింద్రాబాద్ కంటోన్మెంటు చర్చిల పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు మద్రాసు రిటర్న్స్‌లో, అంటే మద్రాసు పరిధిలోని చర్చిలు పంపిన నకళ్ళలో, ఉంటాయి. వాటి ప్రతులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో దొరుకుతాయి. పెళ్ళి ఎంట్రీలో తండ్రి పేరుంటుంది, ఆ తండ్రి పెళ్ళి ఎంట్రీలో తాత పేరు. అలా వెళితే ఆవిడ వంశం మద్రాసు ప్రెసిడెన్సీలోనే తరాల తరబడి పుట్టి పెరిగినట్టు తేలింది. అంతకుముందే వాళ్ళబ్బాయి ఒక ఏజెంటుకి డబ్బు కట్టేశాడు, "ఇంత అరుదైన బ్రిటిష్ పేరుంది కదా, ఆన్‌సెస్ట్రీ వీసా వచ్చేస్తుంది" అన్నాడని.

ఇలాంటి ఆశతో ఉన్నవాళ్ళందరికీ చెబుతున్నాను. అది పూర్వీకుల పుట్టుకని బట్టి బ్రిటన్‌లో ఉండి పనిచేసుకోనిచ్చే వీసా. కామన్వెల్త్ దేశాల పౌరులకి ఆ వీసా కావాలంటే మామూలుగా తాతయ్యో, నాయనమ్మో, అమ్మమ్మో బ్రిటన్ గడ్డ మీద పుట్టినట్టు సర్టిఫికెట్ చూపించాలి. ముత్తాత చాలడు. ఇంటిపేరుకి అక్కడ ఏ విలువా లేదు. అమ్మమ్మ వైపునుంచి అర్హత ఉండి కూడా, ఇంటిపేరు మామూలుదని దరఖాస్తు పెట్టనివాళ్ళని కూడా చూశాను. ముందు ఆ సర్టిఫికెట్ల సంగతి చూసుకోండి.

"మరి డీఎన్ఏ పరీక్షలు ఒకే కుటుంబమని చెబుతున్నాయి కదా" అంటారు. చెప్పినమాట నిజమే, కానీ ఏం చెప్పాయో పూర్తిగా వినాలి. లెస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2009లో 40 బ్రిటిష్ ఇంటిపేర్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. తండ్రినుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోముల నమూనాలు 1,678 పరిశీలించారు. స్మిత్ లాంటి పేరున్న ఇద్దరి మధ్య పోలిక, దారినపోయే ఇద్దరి మధ్య ఉన్నదానికంటే ఎక్కువ లేదు. పేరు అరుదయ్యేకొద్దీ పోలిక పెరిగింది. అటెన్‌బరోలలోనైతే 70 శాతానికి పైగా ఒకే రకం, లేదా దాదాపు ఒకే రకం. అంటే నేటి అటెన్‌బరోలలో ఎక్కువమంది ఒకే మూలపురుషుడి సంతానం కావచ్చు.

ఇంత అనుకూలమైన పేరు విషయంలో కూడా మూడు చిక్కులున్నాయి. ఆ మూలపురుషుడు ఏ 700 ఏళ్ళ కిందటివాడో అయ్యుంటాడు, మధ్యలో పాతిక తరాలు. ఆయన ఉన్నాడని తెలిసినంత మాత్రాన 1760లో పుట్టిన జాన్ మీ జానేనని తేలదు. రెండోది, ముగ్గురు జాన్‌లూ ఆయన వారసులే అయినప్పుడు ముగ్గురి వై క్రోమోజోమూ ఇంచుమించు ఒకటే, వాళ్ళలో మీవాడెవరో పరీక్ష చెప్పలేదు. మూడోది, ఆ గుంపులోకి రాని మిగతావాళ్ళు. పెళ్ళికాని తల్లి ఇంటిపేరు పెట్టుకున్న బిడ్డలు, పెంపకానికి వచ్చినవాళ్ళు, మారుతండ్రి పేరు తీసుకున్నవాళ్ళు. వాళ్ళూ అటెన్‌బరోలే, ఎవరూ తక్కువ కాదు.

ఇంకో మాట. మూలపురుషుడు ఒక్కడే మిగిలాడంటే మొదట ఒక్కడే ఉన్నాడని కాదు. కొడుకుల్లేక, ప్లేగుల్లో పోయి, ఎన్నో మగ వంశాలు ఆగిపోతాయి. 1348లో వచ్చిన మహమ్మారి ఒక్కటే ఎన్ని ఇళ్ళు తుడిచేసిందో! ఇంటిపేర్లు ఇలా అంతరించిపోయే లెక్కని గాల్టన్, వాట్సన్ అనే ఇద్దరు 1874లోనే వేశారు.

అపోహ: మ్యాప్‌లో రంగు ముదురుగా ఉన్న చోటే ఆ పేరు పుట్టిల్లు.

వాస్తవం: మీరు నెట్‌లో చూసే ఇంటిపేర్ల మ్యాపుల్లో చాలావాటికి ఆధారం 1881 సెన్సస్. వాలంటీర్లు ఏళ్ళ తరబడి కూర్చుని దాన్ని మొత్తం ఎక్కించారు కాబట్టి అది చేతికి అందింది. ఆ ఏప్రిల్ 3 రాత్రి ఎవరు ఎక్కడున్నారో అది చెబుతుంది, అంతే. పేరు పుట్టి అప్పటికి ఐదారు శతాబ్దాలైంది. అటెన్‌బరో విషయంలో మ్యాప్ నాటింగ్‌హామ్‌షైర్‌నే చూపిస్తుంది, ఊరూ అక్కడే ఉంది, రెండూ కలిశాయి. అన్ని పేర్లకీ అలా కలవవు. కొన్ని పేర్లు పుట్టిన ఊళ్ళో ఒక్కరూ మిగలకుండా, రెండు కౌంటీల అవతల గుంపుగా కనిపిస్తాయి.

తలల లెక్కతో గీసిన మ్యాప్ చూస్తే లండన్ ఎప్పుడూ ముదురుగానే ఉంటుంది, అక్కడ జనం ఎక్కువ కాబట్టి. జనాభాలో వాటా ఎంతో చూపించే మ్యాప్ అడగండి. పంతొమ్మిదో శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే తాకట్టు కొట్టు గుర్తొచ్చేది. ట్రస్టుల చట్టం చదివినవాళ్ళకి అటెన్‌బరో వర్సెస్ సాలమన్ తీర్పు తెలిసే ఉంటుంది, తాకట్టు పెట్టిన వెండి సామాను మీద నడిచిన కేసు. ఆ కొట్లు చూసి పేరు పుట్టింది లండన్‌లోనని అనుకుంటే పొరపాటే. అన్నదమ్ముల సంగతే చూడండి. రిచర్డ్ పుట్టింది కేంబ్రిడ్జిలో, డేవిడ్ లండన్ పక్కన ఐల్‌వర్త్‌లో, పెరిగింది లెస్టర్‌లో. ఒక్క తరంలో మ్యాప్ మీద మూడు చుక్కలు.

1890లో గప్పీ అనే ఆయన ఇంటిపేర్ల సొంత జిల్లాలు కనుక్కోడానికి రైతుల పేర్లు మాత్రమే లెక్కపెట్టాడు, నేలని అంటిపెట్టుకుని ఉండేది వాళ్ళేనని. ఆలోచన బాగుంది. కానీ ఈ నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్ళ మగ్గాలు, లేసు, బొగ్గుగనులు జనాన్ని ఎటుబడితే అటు లాగాయి. మేజోళ్ళు అల్లే యంత్రం పుట్టిందే ఇక్కడ, 1589లో, కాల్వర్టన్ అనే ఊళ్ళో.

ఈ ప్రాంతంలో వెతికేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి. ఎరివాష్ అనే చిన్న నది దాటితే పక్క కౌంటీ, డెర్బీషైర్. స్టేపుల్‌ఫర్డ్‌నుంచి నడిచి దాటొచ్చు. కానీ 1858కి ముందు డెర్బీషైర్ వీలునామాలు లిచ్‌ఫీల్డ్ చర్చి కోర్టుకి వెళ్ళేవి, నాటింగ్‌హామ్‌షైర్‌వి యార్క్ పరిధిలోకి. "మా తాత 1790లో మాయమైపోయాడు" అని వచ్చేవాళ్ళలో చాలామంది తాతలు మాయం కాలేదు, ఆ నది దాటారు.

అపోహ: అరుదైన పాత పేరు అంటే కలగాపులగం లేని ఇంగ్లీషు రక్తం.

వాస్తవం: 2007లో అదే లెస్టర్ యూనివర్సిటీనుంచి ఒక పరిశోధన వచ్చింది. తూర్పు యార్క్‌షైర్‌కి చెందిన ఒక అరుదైన ఇంటిపేరు ఉన్న 18 మంది మగవాళ్ళని పరీక్షిస్తే, 7 మందిలో పశ్చిమ ఆఫ్రికాకి చెందిన వై క్రోమోజోము రకం కనపడింది. మొదట బయటపడిన వ్యక్తికి తన వంశంలో ఆఫ్రికా మూలం ఉందన్న సంగతే తెలియదు. కాగితాలు వెతికితే వాళ్ళు పద్దెనిమిదో శతాబ్దం చివర యార్క్‌షైర్‌లోనే ఉన్న ఇద్దరు పూర్వీకుల దగ్గరికి చేరారు. మిగతా 11 మందిలో ఆ రకం లేదు. ఒకే అరుదైన పేరు, లోపల వేరువేరు మగ వంశాలు. పేరు చూసి రక్తం గురించి మాట్లాడేవాళ్ళకి నేను ఇది తప్ప ఇంకేమీ చెప్పను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

స్పెల్లింగు తేడా ఉంటే వేరే కుటుంబమా? కాదు. రాసింది గుమాస్తా, విన్నట్టు రాశాడు. ఒకే మనిషి పెళ్ళిలో ఒక రకంగా, ఖననంలో ఇంకో రకంగా ఉంటాడు. అటెన్‌బరో చివర అక్షరాలు ఎన్ని రకాలుగా మారాయో చూశాక నేను మొదటి నాలుగు అక్షరాలతోనే వెతుకుతాను.

అరుదైన పేరంటే జమీందారీ వంశమా? లండన్‌లో 1741లో తెరిచిన ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే అనాథాశ్రమంలో చేరిన ప్రతి బిడ్డకీ కొత్త పేరు పెట్టేవాళ్ళు. గొప్పవాళ్ళ ఇంటిపేర్లు కూడా అలా ఆ పిల్లలకి వచ్చాయి.

ఇంటిపేరుకి వంశచిహ్నం? ఇంటిపేరుకి ఉండదు. అది ఒక మనిషికి ఇచ్చేది, ఆయన వారసులకి చెందేది. ఇంగ్లండులో దాన్ని చూసేది 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్. ఫ్రేము కట్టి అమ్మేవి గోడకి అందంగా ఉంటాయి, కొనుక్కోండి, కానీ దాన్ని రుజువుగా నా ముందు పెట్టకండి.

"మీ ఇంటిపేరున్న ఒకాయన వారసుల్లేకుండా చనిపోయాడు, ఆస్తి మీకు రాబోతోంది" అని ఈమెయిల్ వచ్చిందా? కంగారు పడకండి, పైసా కట్టకండి. వీలునామా లేకుండా పోయిన మనిషి ఆస్తి ఇంగ్లండు చట్టం ప్రకారం భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, రెండు వైపుల తాతలు, నాయనమ్మా అమ్మమ్మలు, తల్లిదండ్రుల తోబుట్టువులు, వాళ్ళ సంతానం, ఈ వలయం దాటి పోదు. ఇంటిపేరు కలిసిందని ఎవరికీ రాదు. హక్కుదారులు రాని ఆస్తుల జాబితాని 'బోనా వేకాన్షియా' (యజమాని లేని సొత్తు) పేరుతో బ్రిటిష్ ప్రభుత్వమే 2025 దాకా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టేది. అలాంటి జాబితాలో మీ పేరు కనపడితే, చనిపోయినాయన రెండు వైపుల తాతల, నాయనమ్మా అమ్మమ్మల పేర్లు ముందు కనుక్కోండి. అవి మీ చెట్టులో లేకపోతే ఫైలు అక్కడితో మూసేయొచ్చు.