తువ్వాలు వేసిన సీటు

చి. బుజ్జికి, నానికి గుంటూరు నుంచి తాతయ్య ఆశీస్సులు.

మొన్న బుజ్జి ఫోనులో అడిగింది: "తాతయ్యా, టీవీలో గుడిసెలు పీకేయడం చూశాను. వేరేవాళ్ల స్థలంలో గుడిసె వేసుకోవడం దొంగతనమే కదా?" ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

మా చిన్నప్పుడు తెనాలి ప్యాసింజరులో సీటు కావాలంటే కిటికీలోంచి తువ్వాలు విసిరేవారు. ఒకసారి ఒకాయన బెంచీ పొడవునా నూనె మరకల తువ్వాలు పరిచి, పక్క పెట్టెలో పేకాటకు వెళ్లిపోయాడు. మా అమ్మ చంటిపిల్లతో నిలబడే ఉంది. వేజండ్ల దాటినా ఆయన జాడ లేదు. చివరికి ఒక ముసలమ్మ ఆ తువ్వాలు మడిచి కొక్కేనికి తగిలించి, "కూర్చో అమ్మాయ్" అంది.

బ్రెజిల్‌లో లక్షల ఎకరాల మీద ఇలాంటి తువ్వాళ్లే. వేసింది పెద్ద భూస్వాములు. వాళ్లు సాగు చేయరు, చేయనివ్వరు. భూమి సమాజానికి ఉపయోగపడాలని, బీడు పెట్టిన పెద్ద ఎస్టేట్లను ప్రభుత్వం పరిహారమిచ్చి తీసుకుని పంచవచ్చని అక్కడి 1988 రాజ్యాంగంలోనే ఉంది. కానీ ప్రభుత్వమనే ఆ టీసీ మన పెట్టెలోకి అంత తేలిగ్గా రాడు! ఎంఎస్‌టీ అని 1984లో భూమిలేని కూలీలు కట్టుకున్న ఉద్యమం ఒకటుంది. వందల కుటుంబాలు రాత్రికి రాత్రి బీడులోకి వెళ్లి నల్ల ప్లాస్టిక్ పట్టాలతో డేరాలు వేస్తాయి. తెల్లారేసరికి అదొక వాడ. కొన్ని కుటుంబాలకు ఒక జట్టు, జట్టుకు ఒక ఆడమనిషి, ఒక మగమనిషి పెద్దలు. వంటకు కొందరు, కాపలాకు కొందరు, మందులకు కొందరు. డేరాలోనే బడి కూడా! నాకు అన్నిటికంటే నచ్చింది అదే. సీటు దొరికాక నలుగురూ ఇరుక్కుని కూర్చుని పులిహోర పొట్లం విప్పుకున్నట్టు.

ఇక ఇక్కడ తువ్వాలు పోలిక సాగదు. రైల్లో మాటామాటా అనుకుంటారు, తుపాకులు పేల్చరు. 1996 ఏప్రిల్ 17న, మకషేరా అనే ఎస్టేటు భూమి కోసం పారా రాష్ట్ర రాజధానికి నడిచి వెళ్తున్న వాళ్లను ఎల్దొరాదో దోస్ కరజాస్ దగ్గర పోలీసులు కాల్చారు. 19 మంది పోయారు. శిక్ష పడింది ఇద్దరు అధికారులకే. ఆ భూమి తర్వాత ఆ కుటుంబాలకే దక్కింది. ఊరికి పేరు కూడా 'ఏప్రిల్ 17' అనే పెట్టుకున్నారు. అంత దూరం ఎందుకు, మన పక్కనే ఖమ్మం జిల్లా ముదిగొండలో 2007 జులై 28న భూమి అడిగిన జనం మీద కాల్పులు జరిగితే ఏడుగురు చనిపోయారు.

దొంగతనమా అంటే, బ్రెజిల్ కోర్టులే ఒక్క మాట మీద లేవు. నా మటుకు నేను ముసలమ్మ పక్షం. మీరు పెద్దయ్యాక మీ పక్షం మీరే చూసుకోండి, కానీ కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల వంక ఒకసారి చూడాలమ్మా.

ఆదివారం నాన్నతో కలిసి గుణదల కొండ మీది ఇళ్ల వైపు వెళ్లండి. పెద్దవాళ్లెవరైనా అరుగు మీద ఉంటే నమస్కారం పెట్టి అడగండి: మొదటి గుడిసె ఎవరు వేశారు, నీళ్లు ఎక్కడినుంచి మోశారు, కుళాయి ఎప్పుడొచ్చింది, పట్టా వచ్చిందా అని. వాళ్లు చెప్పింది నాకు రాయండి. నాని గీతలు ఎలా ఉన్నా ఫర్వాలేదు, వాడి పేజీ వాడే రాయాలి.

మీ తాతయ్య