డెత్ మాగ్నెటిక్: సౌండ్ తగ్గించినా పోని గరగర

2003లో ‘సెయింట్ ఆంగర్’ ఆల్బమ్‌లోని స్నేర్ డ్రమ్ మోతతో విసిగిపోయిన హెవీ మెటల్ రాక్ బ్యాండ్ మెటాలికా అభిమానులు 2008 సెప్టెంబరులో ‘డెత్ మాగ్నెటిక్’ సీడీ మీద చాలా ఆశ పెట్టుకున్నారు. పాటలు బాగానే ఉన్నాయి, వినడమే కష్టమైంది. డ్రమ్ దెబ్బ పడ్డప్పుడల్లా గరగర. సౌండ్ తగ్గిస్తే పోయేది కాదది, స్పీకర్ మారిస్తే పోయేదీ కాదు. లోపం సీడీలోని అంకెల్లోనే ఉంది.

సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. ప్రతి కొలతా −32,768కీ 32,767కీ మధ్యే ఉండాలి, ఆ పైన చోటు లేదు. పాట బిగ్గరగా వినిపించాలంటే సగటు మట్టం పెంచాలి. అప్పుడు డ్రమ్ దెబ్బల శిఖరాలు పైకప్పుకు తగులుతాయి. శిఖరాలు హద్దు దాటకుండా ఆపే సాధనం లిమిటర్, అది వాటిని కొంతవరకు అణుస్తుంది. ఇంకా తోస్తే తలలు తెగి చదునవుతాయి. ఇదే క్లిప్పింగ్.

మెటల్ అంటేనే గరగర కదా అంటారు కొందరు. ఒక్క గిటార్ స్వరాన్ని డిస్టార్ట్ చేస్తే పుట్టే కొత్త ధ్వనుల కంపనాలు దాని కంపనాలకు గుణిజాలు (రెండింతలు, మూడింతలు, అలా). చెవి వాటిని ఆ స్వరంలో భాగంగానే వింటుంది. అన్ని వాద్యాలూ కలిపిన మొత్తం మిక్స్‌ను క్లిప్ చేస్తే అలా కాదు. 60 హెర్ట్జ్ కిక్ డ్రమ్, 1,000 హెర్ట్జ్ గిటార్ కలిసి 880, 1,120 హెర్ట్జ్ దగ్గర (1,000లోంచి 60కి రెండింతలు తీసినా, కలిపినా వచ్చేవి) ఎవరూ వాయించని ధ్వనులు పుట్టిస్తాయి. చెవిని గీరేది అవే.

ఈ ఆల్బమ్‌కు పక్కన పెట్టి పోల్చుకునే రుజువు దొరకడం అభిమానుల అదృష్టం. పాటకు తగ్గట్టు బొమ్మ గిటార్ మీటలు నొక్కే వీడియో గేమ్ ‘గిటార్ హీరో’కు గిటార్, బేస్, డ్రమ్స్ ట్రాకులు విడివిడిగా కావాలి కాబట్టి అవి ఆఖరి అణచివేతకు ముందే వెళ్లాయి. శిఖరాలకూ సగటు మట్టానికీ మధ్య ఎడం కొలిచే డైనమిక్ రేంజ్ మీటర్‌లో (అంకె ఎంత పెద్దదైతే అణచివేత అంత తక్కువ) సీడీకి 3 వస్తే, గేమ్ పాటలకు 12 దాకా వచ్చాయి. రీమిక్స్ కావాలని వేలమంది సంతకాలు పెట్టారు. మాస్టరింగ్ (మిక్స్‌కు చివరి మెరుగులు దిద్దే పని) చేసిన టెడ్ జెన్సన్ తన దగ్గరికి వచ్చేసరికే మిక్స్ అణిగిపోయి ఉందన్నారు. అంటే మళ్లీ మాస్టరింగ్ చేసినా లాభం లేదు, మిక్స్ నుంచే మొదలెట్టాలి.

ఇంత బిగ్గర ఎందుకంటే, ఒకే పాటను రెండు మట్టాల్లో వినిపిస్తే కాస్త బిగ్గరదే బాగుందనిపిస్తుంది. సౌండ్ పెరిగేకొద్దీ చెవికి బేస్ కూడా నిండుగా అందుతుంది. ఆ మాయ మొదటి నిమిషాల వరకే. గంటకు పైగా సాగే ఆల్బమ్ కదా, ఎక్కడా ఊపిరాడక చెవి అలసిపోతుంది.

ఇది మీరే చూడొచ్చు. సీడీ నుంచి వేవ్ (అణచకుండా దాచిన ఆడియో) ఫైలు తీసి ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. ఎంపీ3 వద్దు, దాని డీకోడింగ్‌లో శిఖరాలు మారిపోతాయి. ‘షో క్లిప్పింగ్’ పెట్టి ఒక్క స్నేర్ దెబ్బ దగ్గర బాగా జూమ్ చేస్తే, శిఖరం ఉండాల్సిన చోట వరుసగా కొన్ని శాంపిళ్లు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. రెండు వెర్షన్లను పోల్చాలంటే ముందు ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’తో రెంటినీ −23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి వినిపించే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) దించాలి. లేకపోతే బిగ్గరదే గెలుస్తుంది.

వినైల్ (గ్రామఫోన్ రికార్డు) కొంటే బాగుపడుతుందని డైనమిక్ రేంజ్ మీటర్ అంకె చూసి నమ్మొద్దు. అదే మాస్టర్‌ను రికార్డు మీదికి ఎక్కించినా ఫేజ్ మార్పుల (వేర్వేరు స్వరాల తరంగాలు ముందూ వెనకా జరగడం) వల్ల చదును తలలు వంగి కొత్త శిఖరాల్లా కనిపిస్తాయి, అంకె నాలుగైదు పెరుగుతుంది. గరగర అలాగే ఉంటుంది.