విమాన ప్రమాదం తెర మీదికి వచ్చేదాకా: ఒక టీవీ సిరీస్ వెనుక దర్యాప్తుల చరిత్ర

విమాన ప్రమాదాల దర్యాప్తులను చూపే టీవీ సిరీస్ ‘మేడే’ను కెనడాకు చెందిన సినీఫ్లిక్స్ సంస్థ తీసింది. ఇది 2003 సెప్టెంబరులో మొదలైంది. చాలామంది దీన్ని నేషనల్ జియోగ్రాఫిక్‌లో ‘ఎయిర్ క్రాష్ ఇన్వెస్టిగేషన్’ అనే పేరుతో చూసి ఉంటారు. కాక్‌పిట్‌లో చివరి నిమిషాలను నటులతో చూపించడం, బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడించడం, ఆ తర్వాత దర్యాప్తులోకి వెళ్లడం దీని పద్ధతి. పైలట్ల పాత్రధారులు పలికే మాటలకు, తెర మీద కనిపించే విరిగిన భాగాలకు ఆధారం అధికారిక నివేదికలే. కాబట్టి ఈ సిరీస్ నేపథ్యం టీవీ చరిత్రలో కంటే ఆ నివేదికలు పుట్టిన తీరులోనే ఎక్కువ ఉంది.

మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ 1954లో రెండుసార్లు గాల్లోనే ముక్కలైంది. జనవరిలో ఎల్బా దీవి దగ్గర, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర. ప్రయాణ వివరాలను, పైలట్ల మాటలను నమోదు చేసే రికార్డర్ ఏదీ ఆ విమానాల్లో లేదు. బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో ఇంజనీర్లు మరో కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపలికి నీళ్లు ఎక్కించి, ఒక్కో ప్రయాణంలో పడే ఒత్తిడిని వేల సార్లు కలిగించారు. గాలి బదులు నీళ్లు వాడటానికి కారణం ఉంది. నొక్కిపెట్టిన గాలి ఒక్కసారిగా బయటికి తన్నితే విమానం బాంబులా పేలుతుంది, పగులు ఎక్కడ మొదలైందో తెలియదు. నీళ్లు అలా వ్యాకోచించవు, కాబట్టి పగులు ఉన్నచోటే దొరుకుతుంది. చివరికి బాడీ మీద కిటికీ మూల దగ్గర రేకు చీలింది. పదేపదే ఒత్తిడి పడి లోహం అలసిపోవడమే కారణమని అలా తేలింది.

ఆ కామెట్ చర్చల్లో పాల్గొన్న మెల్‌బోర్న్ శాస్త్రవేత్త డేవిడ్ వారెన్‌కు, పైలట్ల మాటలు రికార్డై ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఆయన తొలి నమూనా ఉక్కు తీగ మీద రికార్డు చేసేది. స్వదేశంలో మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960లో క్వీన్స్‌లాండ్‌లోని మకాయ్ దగ్గర ఫోకర్ ఫ్రెండ్‌షిప్ విమానం సముద్రంలో కూలి 29 మంది చనిపోయారు. కారణం తేలనేలేదు. విమానాల్లో రికార్డర్లు పెట్టాలని ఆ విచారణ సిఫార్సు చేశాకే ఆస్ట్రేలియా వాటిని తప్పనిసరి చేసింది. ఇప్పటి రికార్డర్ మెమరీ 1100 డిగ్రీల సెల్సియస్ మంటను గంటసేపు, 3400 జీ (గురుత్వాకర్షణకు 3400 రెట్ల) తాకిడిని తట్టుకోవాలి. నీళ్లలో పడితే, వెతికేవాళ్లకు జాడ తెలియడానికి 37.5 కిలోహెర్ట్జ్ దగ్గర ‘పింగ్’ అనే శబ్ద సంకేతం మోగుతుంది. అది ఒకప్పుడు 30 రోజులు మోగేది. 2009లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం రికార్డర్లు అట్లాంటిక్ అడుగున దాదాపు రెండేళ్లకు గానీ దొరకకపోవడంతో ఆ గడువును 90 రోజులకు పెంచారు.

రికార్డర్ దొరికినంత మాత్రాన మాటలు దొరుకుతాయన్న నమ్మకం లేదు. పాత టేపులు 30 నిమిషాలే నిలిచేవి, తర్వాతివి రెండు గంటలు. నేల మీదికి దిగాక సర్క్యూట్ బ్రేకర్ లాగి రికార్డర్‌కు కరెంటు ఆపకపోతే కొత్త శబ్దం పాతదాన్ని చెరిపేస్తుంది. 2024 జనవరిలో డోర్ ప్లగ్ (వాడని తలుపు ఖాళీని మూసే పలక) ఊడిపోయిన అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానంలో సరిగ్గా అదే జరిగింది. ఇప్పుడు 25 గంటల రికార్డర్ల వైపు మళ్లుతున్నారు.

ఇక నియమాల సంగతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1951లో ఆమోదించిన 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఏకైక లక్ష్యం ఇంకో ప్రమాదాన్ని ఆపడం. తప్పు ఎవరిదో తేల్చడం కాదు. ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో, వీలైతే తుది నివేదిక 12 నెలల్లో రావాలి. శిక్ష పడుతుందన్న భయం లేకుండా పైలట్లు, మెకానిక్‌లు నోరు విప్పాలనే ఇలా పెట్టారు. కాక్‌పిట్ ఆడియోకు ఉన్న రక్షణ కూడా ఇందుకే. అమెరికా చట్టం దాన్ని ప్రజలకు వినిపించనివ్వదు, అవసరమైన మాటలను రాతలోనే విడుదల చేస్తారు. సిరీస్‌లోని కాక్‌పిట్ సన్నివేశాల్లో నటుల గొంతులు వినిపించడానికి ఇలాంటి నిషేధం కూడా ఒక కారణం. చివరి కేకను వినోదంగా మార్చనివ్వని ఈ గీత చాలా అవసరం.

మొదటి సీజన్‌లోనే వచ్చిన యునైటెడ్ 811 కథ దర్యాప్తు ఎలా దారి మార్చుకుంటుందో బాగా చూపిస్తుంది. 1989 ఫిబ్రవరి 24న హొనలూలు నుంచి బయలుదేరిన 747 విమానం 22 వేల అడుగులు దాటాక, దాని ముందు భాగంలోని కార్గో డోరు ఊడిపోయింది. 9 మంది సీట్లతో సహా బయటికి ఎగిరిపోయారు. ఆ తలుపు బయటికి తెరుచుకునే రకం. కింది అంచున ఎనిమిది లాచ్ క్యామ్‌లను, అంటే తిరిగి తలుపును పట్టి ఉంచే భాగాలను, మోటారు తిప్పి బిగిస్తుంది. అవి వెనక్కి తిరగకుండా హ్యాండిల్‌తో పడే లాకులు అడ్డుకుంటాయి. హ్యాండిల్ మూయగానే ఒక స్విచ్ మోటారుకు కరెంటు ఆపేయాలి. తలుపు సముద్రంలో పడిపోయి పరీక్షకు దొరకకపోవడంతో, అది సరిగా బిగియలేదని 1990 నివేదిక తేల్చింది. కొడుకును పోగొట్టుకున్న న్యూజిలాండ్ దంపతులు దీన్ని ఒప్పుకోలేదు. పత్రాలు సేకరించి, కారణం కరెంటు లోపమేనని వాదించారు. ఆ ఏడాదే తలుపును సముద్రగర్భం నుంచి పైకి తీశారు. 1991లో న్యూయార్క్‌లో నేల మీదున్న మరో 747 కార్గో డోరు దానంతట అదే తెరుచుకుంది. స్విచ్ లేదా వైరింగ్ చెడి, తలుపు వేశాక, విమానం ఎగరకముందే మోటారు క్యామ్‌లను వెనక్కి తిప్పిందని 1992 నాటి రెండో నివేదిక నిర్ధారించింది. మెత్తటి అల్యూమినియం లాకులు మోటారు బలానికి ఆగలేవు. 1987లో లండన్ నుంచి బయలుదేరిన పాన్ యామ్ విమానం తలుపు ఇబ్బంది పెట్టినప్పుడే వాటిని ఉక్కుతో బలపరచాలని నిర్ణయించారు. కానీ గడువు నెలల తరబడి ఇచ్చారు. యునైటెడ్ 811 విమానానికి ఆ పని అప్పటికి ఇంకా జరగలేదు.

అదే సీజన్‌లోని ఏరోపెరూ 603లో (1996, లిమా, 70 మంది మృతి) విమానం కడిగేటప్పుడు స్టాటిక్ పోర్టులకు (ఎత్తు, వేగం లెక్కించడానికి బయటి గాలి ఒత్తిడిని కొలిచే రంధ్రాలకు) అంటించిన టేపు తీయడం మరిచారు. ఎత్తు, వేగం రెండూ తప్పు చూపాయి. పైలట్లు ఎత్తు ఎంతని కంట్రోలర్‌ను అడిగారు. అతని తెర మీది అంకె అదే విమానం ట్రాన్స్‌పాండర్ (విమానం ఎత్తును నేల మీదికి పంపే పరికరం) పంపినదే అని ఆ గందరగోళంలో ఎవరికీ తట్టలేదు. రెక్క నీళ్లను తాకేటప్పటికి ఎత్తు చూపే మీటరు దాదాపు 9,700 అడుగులు చూపిస్తోంది. తప్పును టేపు తీయని ఒక్కడి మీదే వేస్తే, తనిఖీ చేసినవాళ్లకు, ఎగరకముందు విమానం చుట్టూ తిరిగి చూసుకున్న పైలట్‌కు కూడా అది ఎందుకు కనిపించలేదన్న ప్రశ్న మరుగున పడుతుంది.

ఎపిసోడ్ నిడివి గంటలోపే. అందువల్ల కారణాల గొలుసులో చివరి లింకు మాత్రమే గుర్తుండిపోయే ప్రమాదం ఉంది. 1998లో మంటలు రేగి కెనడా తీరం దగ్గర సముద్రంలో కూలిన స్విస్‌ఎయిర్ 111 దర్యాప్తుకు నాలుగేళ్లు దాటింది. కూలడానికి ఆరు నిమిషాల ముందే రికార్డర్లు ఆగిపోవడంతో, సముద్రంలోంచి తీసిన శకలాల్లో కాలిన వైర్లను ఒక్కొక్కటిగా పరీక్షించాల్సి వచ్చింది. పూర్తి వివరం కావాలనుకునేవాళ్లు అమెరికా, కెనడా, ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థల సైట్లలో నివేదికలను ఉచితంగా చదువుకోవచ్చు. ముందు చివరనున్న నిర్ధారణలు, భద్రతా సిఫార్సులు చూడండి. ఏ సిఫార్సును నియంత్రణ సంస్థ అమలు చేసింది, ఏది తోసిపుచ్చింది అన్నది ఎపిసోడ్‌లో చాలాసార్లు ఒక్క వాక్యంతో సరిపోతుంది.