రక్తం కడగడానికి 120 లీటర్లు

అనంతపురంలో డయాలిసిస్ చేయించుకునే మనిషిని రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారని అడిగితే, కొలత కోసం పక్కన పెట్టుకున్న చిన్న సీసాను చూపిస్తాడు. మూత్రం దాదాపు ఆగిపోయినవారికి తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచి కాళ్లవాపుగా, ఆయాసంగా బయటపడతాయి కాబట్టి వైద్యులు గుక్కలు కూడా లెక్కపెట్టుకోమంటారు. అదే మనిషి యంత్రం పక్కన పడుకున్న నాలుగు గంటల్లో, నిమిషానికి అర లీటరు చొప్పున, అతని రక్తాన్ని శుభ్రం చేయడానికి, ఎక్కువభాగం నీళ్లే అయిన 120 లీటర్ల ద్రవం ప్రవహించిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంతోషించే సీమలో ఈ లెక్క దగ్గర కాస్త ఆగవలసిందే.

ఆరోగ్యంగా ఉన్న రెండు మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా వదిలి, మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఒకసారి వాడిన నీటినే మళ్లీ మళ్లీ వాడుకోవడమనే ఈ పొదుపు డయాలిసిస్ యంత్రానికి చేతకాదు. అది వాడిన ద్రవాన్ని మురుగులోకి పంపి కొత్తది తెచ్చుకుంటుంది.

ఈ యంత్రానికి తొలి రూపమిచ్చిన విలెం కోల్ఫ్ నెదర్లాండ్స్ వైద్యుడు. 1938లో గ్రోనింగెన్ ఆసుపత్రిలో 22 ఏళ్ల యువకుడొకడు కిడ్నీలు పాడై తన కళ్లముందే చనిపోవడం చూశాక, రక్తంలో పోగుపడే యూరియా అనే వ్యర్థాన్ని బయటికి తీసే దారి వెతకడం మొదలుపెట్టాడు. సాసేజ్ అనే మాంసపు వంటకానికి తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టంలో యూరియా కలిపిన రక్తం పోసి ఉప్పునీళ్లలో ఆడిస్తే, యూరియా పొర దాటి నీళ్లలోకి వచ్చేసింది, రక్తకణాలు లోపలే ఉండిపోయాయి. చిక్కగా ఉన్న చోటినుంచి పలచగా ఉన్న చోటికి పదార్థం తనంతట తానే పాకుతుందన్న సూత్రం తప్ప ఇందులో మరో మర్మం లేదు. జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న కాంపెన్ పట్టణంలో, ఎనామిల్ పాత్రల కర్మాగారం సాయంతో, కొయ్యబద్దల పీపాకు ఆ గొట్టాన్ని చుట్టి తొట్టిలో తిరిగేలా అమర్చి, 1943లో రోగులకు వాడడం ప్రారంభించాడు. ఒకరి తరవాత ఒకరుగా దాదాపు పదిహేనుమంది చనిపోయారు. 1945లో బతికి బయటపడిన 67 ఏళ్ల స్త్రీ శత్రువులతో చేతులు కలిపిందన్న అభియోగంపై నిర్బంధంలో ఉన్న మనిషి; ఊరి వారికి ఆమెపై ఎంత కోపమున్నా కోల్ఫ్ చికిత్స మానలేదు. నాకు ఆయన యంత్రం కంటే ఈ పనే పెద్దదనిపిస్తుంది.

కిడ్నీలు తాత్కాలికంగా మొరాయించినవారికే తొలినాళ్లలో ఇది ఉపయోగపడింది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు, రోగి చేతిలోని రక్తనాళాలకు శాశ్వతంగా అమర్చే టెఫ్లాన్ గొట్టాన్ని తయారుచేశాకే, డయాలిసిస్‌తో ఏళ్ల తరబడి బతకడం సాధ్యమైంది. ఆ ఏళ్ల తరబడి అన్న మాటే నీటి సంగతిని ముందుకు తెచ్చింది.

మనం వారానికి తాగే పదిహేను లీటర్లలోని మలినాలను పేగులు కొంతవరకు అడ్డుకుంటాయి, మిగిలినవాటిని కిడ్నీలు వదిలించుకుంటాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లేవారి రక్తానికి మాత్రం 360 లీటర్లు పలచని పొర ఒక్కటే అడ్డుగా ఎదురవుతాయి, యూరియా బయటికి వెళ్లే దారినే నీటిలోని చెడు లోపలికి వస్తుంది. బురదనీళ్లు తేరడానికి పటిక వేస్తాం. ఆ పటికలోని అల్యూమినియం తాగేవారికి పెద్దగా చెరుపు చేయకపోయినా, డయాలిసిస్ రోగుల మెదడులోనూ ఎముకల్లోనూ పేరుకుని మాట తడబాటుకు, మతిమరుపుకు కారణమవుతుందని 1970లలో తేలింది. 1993లో చికాగోలో ఒక డయాలిసిస్ కేంద్రంలో నీటిని శుద్ధిచేసే పరికరం సామర్థ్యం అయిపోయిన సంగతి ఎవరూ గమనించక, ఫ్లోరైడ్ ఒక్కసారిగా రక్తంలోకి చేరి ముగ్గురు చనిపోయారు.

ఫ్లోరైడ్ అనే మాట అనంతపురం పల్లెలకు కొత్త కాదు. గారపట్టిన పళ్లు, వంగిన నడుములు చూసినవారికి దాని బాధ తెలుసు. 1990లలో సత్యసాయి నీటి పథకం ఇక్కడి వందల గ్రామాలకు నదీజలాలు తెచ్చింది కూడా అందుకే. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వరకు ఫర్వాలేదంటారు, డయాలిసిస్ నీటిలో అది 0.2 దాటకూడదు. అంటే తాగడానికి మంచివైన నీళ్లు కూడా ఈ పనికి చెడ్డవే. ఆర్ఓ పొరలే ఆ తేడాను పూడుస్తాయి, అందుకు ప్రతిగా వచ్చిన నీటిలో చాలా భాగాన్ని ఉప్పు చిక్కబడిన నీరుగా పారబోస్తాయి. కనుక రోగి దగ్గరికి చేరే 120 లీటర్ల కోసం బోరు నుంచి తోడవలసింది ఇంకా చాలా ఎక్కువ.

వేసవిలో కాలువ నీరు ఆగి, ఏ పల్లె బోరుదో తెలియని ట్యాంకరు కేంద్రం ముందు నిలబడినప్పుడు, యంత్రాల మధ్య తిరిగే టెక్నీషియన్ ముందు చేయవలసిన పని ఆ నీటిని సీసాలో పట్టి పరీక్షించడం. అది రోగి చేతికి సూది గుచ్చడానికి ముందే జరగాలి.