నిషేధమే కంచెగా బతికిన కొండ రైతులు

కాలిఫోర్నియా ఉత్తరాన హంబోల్ట్ కౌంటీలో కొండదారుల మీద తిరిగే పికప్ బండ్ల వెనక ఒకప్పుడు ఒక స్టిక్కర్ కనిపించేది. ‘హంబోల్ట్ కౌంటీని కాపాడండి, గంజాయిని నిషేధంలోనే ఉంచండి’ అని. అంటించుకున్నవాళ్ళు గంజాయి పండించి బతికేవాళ్ళే. సగం వేళాకోళం, సగం నిజం. నిజం పాలు ఎంతో 2010 నవంబరులో తేలింది. 21 ఏళ్ళు దాటినవాళ్ళు సరదాకు కూడా గంజాయి వాడుకోవచ్చంటూ వచ్చిన 19వ ప్రతిపాదనను రాష్ట్రంలో 53.5 శాతం మంది ఓటర్లు తిరగ్గొట్టారు. గంజాయి సాగుకు పేరుపడి ‘ఎమరాల్డ్ ట్రయాంగిల్’ అనిపించుకున్న హంబోల్ట్, మెండొసీనో, ట్రినిటీ కౌంటీలు మూడూ వద్దనే అన్నాయి.

తమ పంటను చట్టం ఒప్పుకుంటానంటే రైతే అడ్డం పడటం ఏమిటన్నది చాలామందికి అంతుబట్టలేదు. దాని మూలం ఇంకో నలభై ఏళ్ళు వెనక ఉంది.

1960ల చివర్లో, 70ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల నుంచి హిప్పీ కుర్రకారు ఈ కొండల్లోకి వలస వచ్చింది. కలప కంపెనీలు చెట్లు నరికి వదిలేసిన నేలలు చవగ్గా దొరికాయి. నాలుగు కూరగాయలు, రెండు మేకలు, పెరట్లో తమ కోసం కొన్ని గంజాయి మొక్కలు. వ్యాపారం ఆలోచన తర్వాత వచ్చింది. 70ల చివర్లో మెక్సికో ప్రభుత్వం అమెరికా సాయంతో గంజాయి తోటల మీద పారాక్వాట్ కలుపుమందు చల్లించింది. ఆ మందు అవశేషాల భయంతో అమెరికాలో తాగేవాళ్ళు మెక్సికో సరుకంటే జడిసి, ఇంటి పంట కోసం వెతికారు.

అదే సమయానికి కొండల్లోవాళ్ళకు ఒక పనితనం పట్టుబడింది. గంజాయిలో ఆడ మొక్క, మగ మొక్క వేరు. పూతకొచ్చే వేళ మగవాటిని కనిపెట్టి పీకేస్తే, పుప్పొడి అందని ఆడ మొక్క గింజ కట్టదు. జిగురు ఊరుతూ పూగుత్తి లావెక్కుతుంది. దీనికి వాళ్ళు ‘సిన్సెమీయా’ అని స్పానిష్ పేరు పెట్టుకున్నారు, గింజలేనిది అని. మన దేశంలో ఇది కొత్త విద్యేమీ కాదు. బ్రిటిషువాళ్ళు 1893-94లో వేసిన గంజాయి కమిషన్ నివేదికలోనే బెంగాల్ పొలాల్లో మగ మొక్కలు ఏరేసే పనివాళ్ళ ప్రస్తావన ఉంది. వాళ్ళను ‘గంజా డాక్టర్లు’ అనేవారు.

1983 నుంచి కాలిఫోర్నియా ప్రభుత్వం ప్రతి వేసవీ చివరా హెలికాప్టర్లు ఎగరేసి తోటలు నరికించడం మొదలుపెట్టింది. 1990లో ఏకంగా సైనికుల్నే హంబోల్ట్ తీరం వైపు కొండల్లో దింపారు. కొందరు జైలుకెళ్ళారు, కొందరు పొలాలు పోగొట్టుకున్నారు. మిగిలినవాళ్ళు మొక్కల్ని పెద్ద తోటల నుంచి చెట్ల నీడల్లోకి, అక్కడక్కడా తవ్విన గుంతల్లోకి మార్చారు. సరుకు తగ్గింది, ధర పెరిగింది. మన రైతు కనీస మద్దతు ధర కోసం ఢిల్లీ దాకా వెళ్ళి కూర్చోవాల్సి వస్తోంది. హంబోల్ట్ రైతుకు ఆ మద్దతు ధర హెలికాప్టర్‌లో వచ్చింది!

ఇక వైద్యం సంగతి. 1980ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోను ఎయిడ్స్ ఊడ్చేసింది. ఆకలి చచ్చి, తిన్నది నిలవక ఎముకల గూళ్ళయిపోతున్న రోగులకు గంజాయి కాస్త అన్నం సయించేలా చేస్తుందని అక్కడివాళ్ళు అనుభవం మీద గ్రహించారు. మేరీ రాత్‌బన్ అనే పెద్దావిడ గంజాయి కలిపిన కేకులు చేసి ఆసుపత్రి వార్డుల్లో పంచేది, పలుమార్లు అరెస్టయింది. డెనిస్ పెరోన్ తన సహచరుణ్ణి ఎయిడ్స్‌కు పోగొట్టుకుని, రోగుల కోసం బాహాటంగా గంజాయి దుకాణం తెరిచాడు. వీళ్ళ పోరాటమే 215వ ప్రతిపాదనగా 1996 నవంబరులో 55.6 శాతం ఓట్లతో గెలిచింది. అమెరికాలో వైద్య గంజాయికి చట్టబద్ధత ఇచ్చిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియానే.

ఆ చట్టం చాలా చిన్నది. డాక్టరు సిఫారసు ఉన్న రోగి, లేదా రోగి బాగోగులు చూసే మనిషి, గంజాయి పెంచుకోవచ్చు, దగ్గర ఉంచుకోవచ్చు. ఎవరు అమ్మాలి, ఎంత పన్ను, ఎన్ని ఎకరాలు, ఏదీ లేదు. 2003లో శాసనసభ ఇంకో చట్టం తెచ్చి, రోగులు సహకార సంఘాల్లా కలిసి పెంచుకోవచ్చంది. ఆ సందులోంచే ఒక పరిశ్రమ మొత్తం నడిచింది. కొండ మీద గ్రీన్‌హౌస్ తలుపు పక్కన ప్లాస్టిక్ కవర్లో డాక్టరు చీటీల నకళ్ళు వేలాడేవి. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) మనుషులు వస్తే చూపించడానికి. చీటీకి ఇన్ని మొక్కలని లెక్క. చీటీలు చాలినన్ని ఉంటే షెరీఫ్ తోట జోలికి రాకపోవచ్చు, రావచ్చు కూడా.

గంజాయి నేరమనే ఫెడరల్ చట్టం, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ చట్టం, మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. ఒక రోగి ఇంటి దగ్గర పెంచుకున్న ఆరే ఆరు మొక్కల్ని 2002లో ఫెడరల్ ఏజెంట్లు నాశనం చేస్తే, ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2005లో ఆరుగురు జడ్జీలు ఫెడరల్ ప్రభుత్వానిదే పైచేయి అన్నారు, ముగ్గురు కాదన్నారు.

ఈ మసక వెలుతురే చిన్న రైతుకు కంచె అయింది. రాష్ట్ర చట్టం పుణ్యమా అని జైలు భయం సగానికి తగ్గింది. ఫెడరల్ చట్టం పుణ్యమా అని డబ్బున్న కంపెనీలు దగ్గరికి రాలేదు. బ్యాంకు అప్పివ్వదు, వాటాదారులున్న సంస్థ నేరానికి పెట్టుబడి పెట్టదు. ఆ ధైర్యం చేయగలిగింది ముప్పై నలభై మొక్కలు వేసుకుని, పొరుగువాణ్ణి నమ్ముకుని బతికే కుటుంబమే. మంచి రోజుల్లో పౌండు సరుకు 3,000 డాలర్లు, ఇంకా పైన కూడా పలికింది. అక్టోబరు వచ్చిందంటే గార్బర్‌విల్ ఊళ్ళోకి ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళు దిగేవారు. కోసి ఆరబెట్టిన పూగుత్తుల చుట్టూ ఉన్న ఆకును చిన్న కత్తెరలతో చెక్కడం వాళ్ళ పని. పౌండు లెక్కన కూలి, 200 డాలర్ల దాకా. కత్తెర నిండా జిగురంటి తెరుచుకోకపోతే ఆల్కహాల్ గుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టడం. చెక్కిన సరుకు టర్కీ కోడిని ఓవెన్లో కాల్చడానికి వాడే సంచుల్లో కట్టేవారు, వాసన బయటికి రాదని.

ఇదంతా రోగుల కోసమేనా అంటే, అంత అమాయకంగా ఉండనక్కర్లేదు. చాలా సరుకు రాష్ట్రం దాటి పోయేది. ఎండాకాలం వాగులకు పైపులేసి నీళ్ళు తోడేస్తే సాల్మన్ చేపలు చచ్చిన కాలవలున్నాయి. అడవిలో దొంగచాటు తోటలేసినవాళ్ళు పెట్టిన ఎలుకల మందుకు జంతువులు చచ్చాయి. మంచివాళ్ళ పల్లెగా దీన్ని చిత్రించే కథనాలు కొన్ని ఉన్నాయి గానీ, నాకు అవి సగమే రుచిస్తాయి.

2010 నాటి భయానికి మళ్ళీ వద్దాం. ఆ ఏడాది రాండ్ సంస్థ పరిశోధకులు లెక్కగట్టి, నిషేధం పోతే గంజాయి అసలు ధర 80 శాతానికి పైగా పడిపోవచ్చన్నారు. రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆ వసంతంలోనే గార్బర్‌విల్ పక్కన రెడ్‌వే ఊళ్ళో ‘గంజాయి తర్వాత ఏమిటి?’ అని సభ పెట్టుకున్నారు. పౌండుకు వచ్చే మూడు వేల డాలర్లలో ఎరువు, నీళ్ళు, కూలి ఖర్చులు కొంతే. మిగతాదంతా భయానికి కట్టిన వెల. భయం పోతే వెలా పోతుంది.

మన విశాఖ మన్యంలోనూ ఉన్నది ఈ లెక్కే, కాకపోతే తలకిందులుగా. పాడేరు, చింతపల్లి వైపు శీలావతి రకం గంజాయి వేసే గిరిజన రైతుకు బయటి దళారీ పెట్టుబడి పెడతాడు. ఊరు దాటాక సరుకు ధర ఎన్నో రెట్లవుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద సాగుకు పదేళ్ళ దాకా కఠిన శిక్ష. ఆ భయం మోసేది కొండ మీదివాడు, దాని వెల అందుకునేది మైదానంలోవాడు. హంబోల్ట్‌లో నేల రైతుదే, బేరం రైతు గుమ్మం దగ్గరే. అందుకే భయం వెల రైతు జేబులోనే పడింది.

2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు సరదా వాడకాన్ని ఒప్పుకున్నాయి. ఇక కాలిఫోర్నియా వంతు ఎలాగూ తప్పదని కొండల్లోవాళ్ళకూ అర్థమైంది. 2016లో 64వ ప్రతిపాదన వచ్చినప్పుడు అందులో వాళ్ళ కోసం ఒక తాయిలం ఉంది: ఎకరం దాటిన సాగుకు, చట్టం అమలు మొదలయ్యాక ఐదేళ్ళ దాకా, అంటే 2023 వరకు, లైసెన్సు ఇవ్వరు. ఆలోపు చిన్నవాళ్ళు నిలదొక్కుకోవచ్చు. చిన్న రైతుల సంఘం అవుననీ కాదనీ అనకుండా ఊరుకుంది. 57 శాతం ఓట్లతో ప్రతిపాదన గెలిచింది. వైద్య గంజాయికి ఆద్యుడైన పెరోన్ మాత్రం 2010లోలాగే అప్పుడూ వద్దన్నాడు.

ఆ ఐదేళ్ళ గడువు మాట 2017 నవంబరులో నీరుగారింది. రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల్లో చిన్న లైసెన్సు ఒక్కోటి 10,000 చదరపు అడుగులకు పరిమితం. మన లెక్కలో 23 సెంట్లు. కానీ అలాంటివి ఒకరు ఎన్ని తీసుకోవచ్చో హద్దు పెట్టలేదు. డబ్బున్నవాళ్ళు పక్కపక్కనే పదులకొద్దీ లైసెన్సులు పేర్చుకుని ఎకరాలకెకరాలు వేశారు. రైతు సంఘం కోర్టుకెళ్ళింది, తర్వాత కేసు వదిలేసుకుంది.

పేర్చుకున్నవాళ్ళు హంబోల్ట్‌లో కాదు, దక్షిణాన శాంటా బార్బరాలో తేలారు. అక్కడ కార్పింటేరియా ఊరి చుట్టూ పూల గ్రీన్‌హౌస్‌లుండేవి. కొలంబియా నుంచి దిగుమతయ్యే చవక పూలు వాటిని అప్పటికే దెబ్బతీశాయి. చదును నేల, గుమ్మం దాకా తారు రోడ్డు, అద్దాల కప్పు, ఏడాదికి మూడు నాలుగు కోతలు. కొండ మీద ఆరుబయట పంట ఏడాదికి ఒక్కటే. మధ్యాహ్నాలు గ్రీన్‌హౌస్ మీద నల్ల పట్టా లాగి చీకటి చేసి, మొక్కను మోసపుచ్చి తొందరగా పూయిస్తే రెండోది.

కొండ రైతుకు లైసెన్సు తెచ్చుకోవడమే ఒక పంటంత పనైంది. వాగు దాటే చోట తూము మార్చాలి, మట్టిరోడ్డుకు కంకర పోయాలి, వేసవికి నీళ్ళు నిలవ చేసుకునే చెరువు తవ్వాలి, వన్యప్రాణి శాఖ, నీటి బోర్డు, కౌంటీ ఒక్కోటీ ఒక్కో ఫైలు తెరవాలి. ఆ పైన పన్నులు. కౌంటీ పన్ను ఆరుబయట సాగుకు చదరపు అడుగుకు ఒక డాలరు. అంటే ఆ 23 సెంట్లకు 10,000 డాలర్లు, పంట పండినా ఎండినా, పాత రోజుల శిస్తులాగా. రాష్ట్రం పన్ను తూకం మీద. మొదట పూగుత్తులకు ఔన్సుకు 9.25 డాలర్లు, 2022 జనవరికి పౌండుకు దాదాపు 161 డాలర్లు. ధర తగ్గినా ఈ పన్ను తగ్గేది కాదు. 2021లో కొన్ని నెలల్లోనే టోకు ధర వెయ్యి డాలర్ల పైనుంచి 400 దరిదాపులకు జారింది. పౌండు అమ్మితే చేతికొచ్చేదాంట్లో మూడో వంతుకు పైగా ఈ ఒక్క పన్నుకే పోయిన రైతులున్నారు. 2022 జులై 1న రాష్ట్రం దాన్ని ఎత్తేసింది. కౌంటీ కూడా తన పన్నును బాగా తగ్గించింది. అప్పటికే చాలా గ్రీన్‌హౌస్‌ల ప్లాస్టిక్ చిరిగి గాలికి కొట్టుకుంటోంది.

వైద్య చట్టం కింద పుట్టిన సంబంధం కూడా తెగింది. సహకార సంఘాల పాత పద్ధతి 2019 జనవరితో ముగిసింది. అంతకుముందు తనకు తెలిసిన క్యాన్సర్ రోగికి ఒక సంచి ఊరికే ఇచ్చే రైతు, ఇక పంపిణీదారు, పరీక్షశాల, దుకాణం దాటించకుండా ఒక గ్రాము ఇవ్వడానికి లేదు. ఉచితంగా ఇచ్చినదానికీ పన్ను. ఈ అన్యాయం దిద్దడానికి 2019లో ఒక చట్టం చేసి, దానికి పెరోన్, మేరీ రాత్‌బన్‌ల పేర్లు పెట్టారు. అప్పటికి ఇద్దరూ లేరు.

మరోపక్క, రాష్ట్రంలో సగానికి పైగా ఊళ్ళూ కౌంటీలూ గంజాయి దుకాణాలకు అనుమతే ఇవ్వలేదు. దాంతో దొంగ బజారు దొంగ బజారుగానే ఉంది. (దుకాణం బోర్డు చూసి అంతా సక్రమమే అనుకునే మన వీసా పిల్లలకు ఒక మాట: వలస చట్టం ఫెడరల్‌ది. రాష్ట్రం ఒప్పుకున్న గంజాయి కూడా గ్రీన్‌కార్డుకీ, పౌరసత్వానికీ అడ్డం రావచ్చు.)

గంజాయిని వైద్యానికి మాత్రమే ఒప్పుకుంటే చిన్న రైతుకు రక్షణ అనుకోవడమూ పొరపాటేనని ఓక్లహోమా రాష్ట్రం చూపించింది. అక్కడ 2018 జూన్‌లో 57 శాతం ఓట్లతో వైద్య గంజాయి వచ్చింది. లైసెన్సు రుసుం 2,500 డాలర్లు, ఎన్ని ఇవ్వాలో పరిమితి లేదు. కాలిఫోర్నియాలో విసిగినవాళ్ళూ అక్కడికి చేరారు. సాగు లైసెన్సులు 9,000 దాటాయి, సరదా వాడకం మాట లేకుండానే ధర కుప్పకూలింది. 2022 ఆగస్టులో కొత్త లైసెన్సులు ఆపేశారు. 2023 మార్చిలో సరదా వాడకం మీద ఓటు పెడితే 77 కౌంటీలూ వద్దన్నాయి. పాత లైసెన్సుల్లో సగానికి పైగా తర్వాత మాయమయ్యాయి.

హంబోల్ట్, మెండొసీనోల్లో మిగిలినవాళ్ళు ఇప్పుడు ఊరి పేరు మీద ఆశ పెట్టుకున్నారు. మన అరకు కాఫీకీ, బంగినపల్లి మామిడికీ ఉన్న భౌగోళిక గుర్తింపులాంటిదే గంజాయికీ ఇచ్చే ఏర్పాటును కాలిఫోర్నియా చట్టంలో పెట్టించారు. 2020లో దానికి ఒక షరతు కలిపారు. ఆ పేరు వాడుకోవాలంటే మొక్క నేలలోనే ఉండాలి. పైన కప్పు ఉండకూడదు, దీపాల వెలుతురు ఉండకూడదు. కార్పింటేరియా అద్దాల ఇళ్ళలో కుండీల్లో పెరిగే మొక్కలకు అది వర్తించదు.