పైన పటారం, లోన లొటారం: తొలి మజిల్ కారు కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

మజిల్ కారంటే పెద్ద ఇంజిన్ పెట్టిన అమెరికన్ బండి. పాత మస్టాంగో, కమారోనో, ఛార్జరో చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తించుకుంటారు. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ ఒక్కసారి గుర్రుమనగానే మిగతా కారు కళ్లకు ఆనదు. అమ్మేవాడికి కావాల్సిందీ అదే.

అపోహ: ఇంజిన్ బాగుంటే చాలు, బాడీ పని మెల్లగా చేయించుకోవచ్చు.

డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క మాట దగ్గరే. షెవర్లే వీ8 అయిన స్మాల్ బ్లాక్ షెవీకైనా, ఫోర్డ్ 302 ఇంజిన్‌కైనా పిస్టన్ రింగుల నుంచి కొత్త సిలిండర్ హెడ్ల దాకా ఇవాళ్టికీ దొరకని పార్టు లేదు. ఇంజిన్ దించి పని చేయించడానికి ఎంతవుతుందో ముందే అంచనా వేసుకోవచ్చు. తుప్పు సంగతి వేరు. అది లోపలి నుంచి తింటూ బయటికొస్తుంది. పెయింట్ మీద బొట్టుబిళ్లంత పొక్కు లేచిందంటే లోపల అరచేతి మేర రేకు పోయి ఉండొచ్చు. కోసి చూసేదాకా లెక్క తేలదు.

పైగా మస్టాంగ్‌కూ, ఛార్జర్, ఛాలెంజర్ లాంటి మోపార్ (అంటే క్రైస్లర్ కంపెనీ) బళ్లకూ విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, ఫ్రేమ్ రెయిల్స్, రాకర్లు (తలుపుల కింది పట్టీలు) కలిపి వెల్డు చేసిన డబ్బానే కారు. అక్కడ తుప్పు పడితే బలమే పోతుంది. షెవర్లే షెవెల్, పాంటియాక్ జీటీఓలకు వేరే ఫ్రేమ్ ఉంది. కమారోకు ముందు సగమే బోల్టులతో బిగించిన సబ్‌ఫ్రేమ్, వెనక సగం డబ్బానే.

1965-68 మస్టాంగ్ అయితే మొదట చూడాల్సింది కౌల్. విండ్‌షీల్డ్ ముందు గాలికోసం ఉండే చీలికల కింది తొట్టె అది. ఆకులు చేరి, తడి ఆరక, లోపలికి గాలి వచ్చే రంధ్రం చుట్టూ రేకు పుచ్చిపోతుంది. కార్పెట్ అంచు ఎత్తి పెట్టుకుని, ఎడమ వైపు కొన్ని నీళ్లు, కుడి వైపు కొన్ని నీళ్లు ఆ చీలికల్లో నిదానంగా పోయండి. ఇంకొకరు టార్చి పట్టుకుని డాష్ కింద తల పెట్టి చూడాలి. నీళ్లు ముందు ఫెండర్ల వెనకనుంచి నేల మీదికి కారితే సరే. డాష్ కింద ఒక్క చుక్క పడినా అది పెద్ద పనే: ఫెండర్లు, విండ్‌షీల్డ్ తీసి, స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి విప్పితే గానీ ఆ తొట్టె బయటికి రాదు. ఫ్లోరు ఒక్కటే మార్చి కౌల్ వదిలేస్తే, కొత్త ఫ్లోరూ అదే దారి పడుతుంది.

మోపార్‌లో గేర్‌బాక్స్ దగ్గర అడ్డంగా ఉండే టార్షన్ బార్ (స్ప్రింగులా పనిచేసే కడ్డీ) క్రాస్‌మెంబర్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. ముందు సస్పెన్షన్ భారమంతా దాని మీదే. వినైల్ రూఫ్ (పైకప్పుకు అతికించిన రెక్సిన్ లాంటి తొడుగు) ఉన్న ఏ కారుకైనా వెనక అద్దం కింది మూలలు బొటనవేలితో నొక్కండి. కింద కరకరమంటే రేకు పోయినట్టే. అక్కడ కారిన నీళ్లు చేరేది డిక్కీలోకి కాబట్టి స్పేర్ టైరు తీసి అడుగు చూడండి. కింద అంతా కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే నాకైతే అనుమానమే. అమ్మకానికి ముందు అడుగు భాగానికి అంత ముస్తాబు దేనికి?

పుట్టీ పట్టుకోవడానికి బలమైన అయస్కాంతం పనికిరాదు, పల్చటి పుట్టీ మీంచి కూడా అతుక్కుంటుంది. ఫ్రిజ్‌కు పెట్టే పల్చటిది గుడ్డలో చుట్టి వెనక చక్రాల వంపులు, తలుపుల అడుగు, రాకర్ల మీద ఆనించండి. పెయింట్ గేజ్ ఉంటే ఇంకా మంచిది: ఫ్యాక్టరీ పెయింట్ సుమారు 100-150 మైక్రాన్లు. 300 దాకా ఉంటే మళ్లీ పెయింట్ వేశారు, అది తప్పు కాదు. 1000 దాటితే కింద ఉన్నది పుట్టీ.

అపోహ: ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్, షెవర్లేలో ఖరీదైన స్పోర్ట్స్ రకం) బ్యాడ్జీ ఉంది కాబట్టి అసలైన ఎస్‌ఎస్సే.

బ్యాడ్జీ రెండు స్క్రూల పని. 1966-68 షెవెల్ ఎస్‌ఎస్ అయితే వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) 138తో మొదలవ్వాలి. 1969 నుంచి అది ఆప్షన్ ప్యాకేజీ కావడంతో నంబరు ఏమీ చెప్పదు. 1967-69 కమారో ఎస్‌ఎస్‌ది కూడా ఇదే కథ. అక్కడ బిల్డ్ షీట్ (కారు ఎలా తయారైందో రాసిన ఫ్యాక్టరీ కాగితం) లాంటివే ఆధారం. 1966-71 జీటీఓ 242తో మొదలవుతుంది. ఫోర్డ్ ఈ విషయంలో నయం, వీఐఎన్‌లో అయిదో అక్షరమే ఇంజిన్ కోడ్. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్‌కు మార్టీ రిపోర్ట్ (ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసిన వివరాలు) కూడా తెప్పించుకోవచ్చు.

అమ్మేవాడు "నంబర్స్ మ్యాచింగ్", అంటే కారుతో వచ్చిన అసలు ఇంజినే ఉందని అంటే, స్మాల్ బ్లాక్ షెవీలో కుడి హెడ్ ముందు, బ్లాక్ మీద ఉన్న ప్యాడ్ చూడండి. ఫ్యాక్టరీ కోత గీతలు సన్నగా, సమాంతరంగా కనిపించాలి. అద్దంలా నున్నగా ఉంటే మళ్లీ నంబరు కొట్టి ఉండొచ్చు, లేదా ఇంజిన్ పనిలో డెక్ (బ్లాక్ పైతలం) కోసి ఉండొచ్చు. అసలు ఎస్‌ఎస్ కాకపోయినా కారు చెడ్డదేం కాదు. ఎస్‌ఎస్ ధర మాత్రం ఇవ్వకండి.

మిగతావి గబగబా.

లెడ్ లేని పెట్రోల్ పోస్తే పాత ఇంజిన్ పాడైపోతుందని ఒకటే పుకారు. మామూలుగా తిప్పుకునే బండికి అంత ముప్పేం లేదు. హెడ్ల పని వచ్చినప్పుడు గట్టి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు వేయిస్తే సరి. అసలు ఇబ్బంది ఇథనాల్‌తో, అది పాత రబ్బరు హోసుల్ని తినేస్తుంది. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (రోలర్లు లేని పాత రకం) ఉంటే జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయాలి.

1970 షెవెల్ ఎల్‌ఎస్6 ఇంజిన్‌కు రాసిన 450 హార్స్‌పవర్ గ్రాస్ లెక్క, అంటే ఇంజిన్‌ను విడిగా పెట్టి కొలిచింది. 1972 నుంచి, కార్లో ఉన్నట్టే అన్నీ బిగించి కొలిచే నెట్ లెక్క వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

1966, అంతకు ముందు మోడళ్లలో చాలావాటికి బ్రేక్ మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఒక్క చక్రం దగ్గర లీకైనా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు గదులది వేయించాకే రోడ్డెక్కండి.

వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి ఆగితే వాల్వ్ సీల్స్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు. వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ చొప్పున ఆయిల్ ప్రెషర్ ఉంటే దిగులు పడక్కర్లేదు.

కొత్త తరం అయితే ఏ చిక్కూ ఉండదనుకోకండి. 2005-08 మస్టాంగ్ జీటీలో స్పార్క్ ప్లగ్గులు విప్పేటప్పుడు హెడ్‌లోనే విరిగే ముప్పుంది, మార్చిన రసీదు అడగండి. కొత్త ఛార్జర్, ఛాలెంజర్లలోని 5.7 హెమీ ఇంజిన్‌లో టిక్ టిక్ చప్పుడు వేడెక్కినా తగ్గకపోతే లిఫ్టర్లు, క్యామ్ చూపించాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ముందు టైరు మీద డీఓటీ కోడ్ చివరి నాలుగంకెలు చదవండి. 2412 అంటే 2012లో 24వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా అంత పాత టైర్లతో హైవే ఎక్కొద్దు.